రెయినో చేసిన వ్యాయామం

మంచాల మీద రోగులు పడుకోవాలి. ఆ రోజు ఫైళ్లు పడుకున్నాయి.

కెనడాలోని థండర్ బేలో ఐలా నీమి నడిపే ఫిజియోథెరపీ క్లినిక్‌కి మర్నాడు తనిఖీ. కారు ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్లకి ఆమె వైద్యం చేసి, బిల్లు నేరుగా బీమా కంపెనీలకే పంపుతుంది. దానికో లైసెన్సుంది. ఆ లైసెన్సు ఇచ్చినవాళ్లే వస్తున్నారు.

లైసెన్సు పోతే క్లినిక్ మూతే. అందులో రెండో మాట లేదు.

అందుకే టొరంటో నుంచి ట్రెవర్‌ని పిలిపించింది. తనిఖీలకి క్లినిక్కుల్ని తయారుచేయడం అతని పని. కుర్రాడే గానీ పేరున్నవాడు.

"ఇప్పుడు నేనే తనిఖీ అధికారిని," అన్నాడు ట్రెవర్. "అడిగినదానికి నిజమే చెప్పాలి. అడగనిది ఒక్క ముక్క కూడా చెప్పకూడదు."

"అంటే ఎంత నిజం చెప్పాలి?" అంది ఐలా.

"అదేం ప్రశ్నండీ? కావలసినంత."

ఎవరికి కావలసినంతో అతను చెప్పలేదు. ఐలా బుర్ర అక్కడే తిరగడం మొదలెట్టింది.

డోరీన్ గులాబీ పూత పూసిన బన్నులు తెచ్చి పెట్టింది. క్లినిక్ తెరిచిన రోజు నుంచీ రిసెప్షన్‌లో ఉన్న మనిషి. ఐలాకి చెప్పకుండా ఆవిడ చేసే పనులు చాలానే ఉన్నాయి.

"రేపు ఇవి అధికారికి పెట్టకండి, లంచమంటారు," అన్నాడు ట్రెవర్, మూతి నిండా గులాబీ రంగుతో.

"బన్నుకి లొంగే మనిషైతే నిన్నెందుకు పిలుస్తామయ్యా?" అంది డోరీన్.

అతను మూతి తుడుచుకుని ఒక ఫైలు తీశాడు.

"రెయినో లెహ్తో. భుజం దెబ్బ. వచ్చినప్పుడల్లా ముప్పావుగంట వ్యాయామమని బిల్లు. ఏం వ్యాయామం చేయించారు?"

ఐలా ఆ ఫైలు తన వైపు తిప్పుకుంది.

రెయినో ఏ వ్యాయామమూ చేయలేదు.

మంచులో కారు జారినప్పుడు స్టీరింగ్ అతని చేతిలోనే ఉంది. పక్క సీట్లో ఉన్న భార్య పోయింది. అతనికి భుజం ఒక్కటే పోయింది.

వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. దెబ్బతిన్న చెయ్యి ఎత్తించబోతే తల అడ్డంగా ఊపేవాడు. ఐలా ఆ చెయ్యే పట్టుకుని పక్కన కూర్చునేది. టైమైపోయాక కోటు తొడిగి పంపేది. మళ్లీ వచ్చేవాడు. ఆ చలికాలమంతా అంతే. నోరు విప్పి ఒక్క మాట అనలేదు.

'పక్కన కూర్చున్నాను' అని రాయడానికి బిల్లులో గడి లేదు. అందుకని వ్యాయామం అని రాసింది.

అది దొంగతనమని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఇంకాసేపటికి మళ్లీ కాదేమో అనిపిస్తోంది.

"పక్కన కూర్చున్నానంతే," అంది.

ట్రెవర్ పెన్ను కింద పెట్టేశాడు.

"ఆ ముక్క రేపు చచ్చినా అనకండి. 'భుజం కదలికల వ్యాయామం' అనండి. ఏదీ?"

"భుజం కదలికల వ్యాయామం."

"కళ్లు దించకుండా అనాలి."

రిసెప్షన్‌లో డోరీన్ అంతా వింటోంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం మంచిది కాదని ఐలా అప్పుడే గ్రహించి ఉండాల్సింది.

ఇంటికెళ్లి అద్దం ముందు అదే మాట అనుకుంది ఐలా. అనగా అనగా అది నిజంలాగే వినబడింది. అప్పుడు భయమేసింది ఆమెకి.

మర్నాడు తనిఖీ అధికారి వచ్చింది. గుమ్మంలోనే మంచు దులుపుకుని, బూట్లు విప్పి, సాక్సులతో లోపలికి నడిచింది. ఇంత మర్యాదగల మనిషి వస్తుందని ట్రెవర్ చెప్పలేదే!

ఒక్కో ఫైలూ చూసింది. బాగుందంది. తర్వాత రెయినోది తీసింది.

"ఈయనకి ఏం చేయించారు?"

ఐలాకి రెండు జవాబులూ ఒకేసారి నోటిదాకా వచ్చాయి. ఏది బయటికొస్తుందో ఆమెకే తెలీదు.

"ఏమీ చేయించలేదండీ. చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బిల్లులో మాత్రం వ్యాయామం అని రాశాను. తప్పేనంటారా?"

"నన్నడుగుతున్నారా?"

"ఎవర్ని అడగాలో తెలీడం లేదు."

ఆవిడ పెన్ను తీసింది.

తలుపు దగ్గర అలికిడైంది. చూస్తే రెయినో. ఆ రోజు అతను రావలసిన రోజే కాదు. వెనకాల డోరీన్. ఆవిడ ఐలా కళ్లలోకి చూడలేదు.

"నేనే పిలిచాను," అంది డోరీన్. "తయారుచేయడం ఆ టొరంటో వాడికొక్కడికేనా వచ్చు?"

"చేయించింది," అన్నాడు రెయినో.

అతని గొంతు బొంగురుగా ఉంది. ఐలా ఆ గొంతు వినడం అదే మొదలు.

"వ్యాయామం. వచ్చినప్పుడల్లా చేయించింది."

"వద్దు రెయినో," అంది ఐలా. "నేను చెప్పేశాను."

అతను వినిపించుకోలేదు. కోటుతోనే ఆ దెబ్బతిన్న చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాడు. ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది. పళ్లు బిగించాడు. మళ్లీ ఎత్తాడు. చెవి దాటింది. తల దాటింది.

"చాలయ్యా, చాలు," అంది డోరీన్, ఏడుపు గొంతుతో.

అధికారి అతన్ని చూసింది. ఐలాని చూసింది.

"ఇద్దరిలో ఎవరి మాట రాసుకోమంటారు?"

"నాది," అంది ఐలా.

"నాది," అన్నాడు రెయినో.

పెన్ను కాగితం మీద ఆనించి ఆవిడ అలాగే ఉండిపోయింది.

రెయినో చెయ్యి దించలేదు.