పోయిన పర్సు

బేరూత్ ఆసుపత్రిలో భార్య ఆపరేషన్‌కి డబ్బు కట్టబోతూ వదీ జేబు తడుముకున్నాడు. పర్సు లేదు. షేర్ టాక్సీలో పక్కనున్నవాడెవడో కొట్టేసి ఉంటాడు. కారు అమ్మిన డబ్బంతా అందులోనే ఉంది.

"బ్యాంకులో దాస్తే బ్యాంకు మింగింది, జేబులో పెడితే దొంగ మింగాడు. ఇంకెక్కడ పెట్టుకుంటాం పెద్దాయనా," అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

వదీకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"నుహాద్, పర్సు పోయింది."

"పోతే పోనీ. అందులో డబ్బు లేదు," అంది భార్య. "నువ్వు స్నానానికెళ్లినప్పుడు తీసి బీరువాలో పెట్టాను. అనుమానం రాకుండా పాత కాగితాలు కుక్కాను."

"ఎందుకలా?"

"చెబితే వినవుగా. మొన్న నువ్వు మందులకెళ్లినప్పుడు డాక్టర్ని గట్టిగా అడిగాను. కోసినా మహా అయితే ఇంకొక్క చలికాలమట. ఆ తర్వాత నీకు తిండికుండొద్దూ? త్వరగా వచ్చెయ్. ముజద్దర వండాను, చల్లారిపోతోంది."

వదీ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"దొరికిందా?" అన్నాడు గుమాస్తా.

"డబ్బు పోలేదట," అన్నాడు వదీ. వెనకున్నవాళ్లకి దారిస్తూ వరసలోంచి పక్కకి తప్పుకున్నాడు.