వట్టి చేతుల వేట

తుపాకీ పేలగానే సుక్రు విల్లు పారేశాడు. చెవులు రెండూ మూసుకుని నేలమీద బోర్లా పడి, పాక్కుంటూ పోయి బండసందులో దూరాడు. అడవిపంది తను కాపున్న వైపే దూసుకొచ్చిందని తెలుసు. ఆ తర్వాత ఏమైందో తెలియదు.

కళ్ళు గట్టిగా మూసుకున్నా అతనికి లంబసింగి ఘాటీయే కనిపించింది. మన్యంలో తిరుగుబాటు లేచిన పితూరీ ఏట సిపాయిలు మూటలు మోయించడానికి అన్నదమ్ములిద్దరినీ పట్టుకుపోయారు. మోతకర్రకు ముందు సుక్రు, వెనక తమ్ముడు. ఎక్కణ్ణుంచో తుపాకులు పేలాయి. వెనక కొస ఒక్కసారిగా నేలకు వాలిపోయింది. అది జరిగి రెండేళ్ళు. ఇప్పటికీ పక్కింట్లో రోకటిపోటు వినబడితే చాలు, సుక్రు అటక కింద దూరతాడు. నలుగురిలో నడవలేడు, వెనక ఎవరున్నారో చూసుకుంటూనే ఉంటాడు.

కాళ్ళు పట్టి బయటికి లాగేసరికి పొద్దు వాలుతోంది. వేటకొచ్చిన మగవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు. ఆయుధాలు తప్ప ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

"పందేదీ?" అన్నాడు సుక్రు.

"పారిపోనాది. గుండు తప్పీసింది," అన్నాడు ఊరిపెద్ద మంగ్లు. సుక్రు పెళ్ళానికి అతను పెదనాన్న. అతని వేటకుక్క మాత్రం ఎక్కడా కనబడలేదు.

విత్తనాలు చల్లే ముందొచ్చే ఇటుకల పండగ వేటంటే ఆషామాషీ కాదు. వేట నెత్తురు తగలని విత్తనం మొలకెత్తదని ఊరి నమ్మకం. వట్టి చేతులతో తిరిగొచ్చిన మగాళ్ళకు ఆడవాళ్ళు ఊరి మొగదల పేడనీళ్ళతో స్వాగతం చెబుతారు. అందులోనూ ఆయుధం పారేసినవాడికి వేట దొరికినా ఆ స్నానం తప్పదు. మిగతావాళ్ళు జంతువును మోసుకుని ఊరేగుతుంటే వాడొక్కడే తడిసి, చెట్టంత మనిషీ చీపురుపుల్లంత అయిపోతాడు. ఇప్పుడు తన పుణ్యమా అని ఊరు ఊరంతా తడవాలి. ఊరి విత్తనానికి నెత్తురు కూడా లేకపోయె.

బయల్దేరేటప్పుడు పెళ్ళాం సోములమ్మ అన్న మాట అతని చెవుల్లోనే ఉంది. "ఈ పాలి ఊరి మొగదల నుంచి నడిసిరా. పేడ పడితే కడుగుతాను. మళ్ళీ అటక కింద దూరితే మాత్రం నానింక సూడలేను. మాయమ్మ కాడికి ఎలిపోతాను." కోపంతో అన్న మాటైతే ఎలాగో సర్దుకునేవాడు. ఏడ్చి ఏడ్చి కన్నీళ్ళు ఇంకిపోయాక అన్న మాట అది.

అందరూ దిగువకు నడుస్తుంటే సుక్రు మెల్లగా వెనకబడి, గుట్ట చివరి బండ ఎక్కాడు. కింద లోయ. కళ్ళు తిరిగేంత లోతు. ఒక్క అడుగు వేస్తే చాలు, ఇక ఏ చప్పుడూ వినబడదు. చాలాకాలం తర్వాత అతనికి ఒక పని తేలికగా కనిపించింది.

మంగ్లు ఎప్పుడొచ్చాడో, ఆయాసపడుతూ పక్కనే కూర్చుని చుట్ట ముట్టించాడు.

"తుపాకీ పేల్చనన్నావు గదా మావా," అన్నాడు సుక్రు, లోయలోకి చూస్తూనే.

"నీ మీదికొచ్చీసింది. పేల్చకపోతే నిన్ను సీల్చీసీది."

"సీల్చనీవలసింది. నా మూలంగా ఊరికి వేట నేకపోనాది."

మంగ్లు ఏదో చెప్పబోయి చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. పొగ వదిలి, "ఒక్కడివే తడిస్తే సిగ్గు గాని, అందరం తడిస్తే పండగే గదరా," అన్నాడు.

సుక్రు కదల్లేదు. బతిమాలినా, తిట్టినా ఈ మనిషి దక్కేలా లేడని ముసలాయనకు అర్థమైంది. చుట్ట నేలకు రాసి ఆర్పి, లేచి నిలబడ్డాడు.

"నువ్వు ముందు నడు అల్లుడా. ఎనక నానుంటాను. ఎన్నిపాల్లైనా తిరిగి సూసుకో."

సుక్రు చాలాసేపటికి లేచాడు. నాలుగడుగులు వేసి తిరిగి చూశాడు. మంగ్లు ఉన్నాడు. మలుపులో చూశాడు. ఉన్నాడు. వాగు దాటాక చూశాడు. ముసలాయన పంచె పైకెగ్గట్టి, తిట్టుకుంటూ నీళ్ళలో నడుస్తున్నాడు. ఊరు కనబడేదాకా అలాగే దిగారు. మిగతావాళ్ళు మొగదల బయటే ఆగి ఉన్నారు.

లోపల ఆడవాళ్ళు కుండలతో సిద్ధంగా ఉన్నారు. డప్పు మోగుతోంది. సుక్రు చేతులు చెవులదాకా వెళ్ళి ఆగిపోయాయి. మొదటి కుండ సోములమ్మదే. మొగుడన్న మొహమాటం లేకుండా నెత్తిమీద గుమ్మరించింది. తర్వాత ఊరిపెద్దకు పడింది. ఆ తర్వాత మగవాళ్ళంతా తోసుకుంటూ వచ్చి, మాకేదీ అంటే మాకేదీ అని తలలు వంచారు.

సుక్రు వెనక్కి తిరిగి చూశాడు. ఒక్కడు కూడా పడిపోలేదు. అందరూ పచ్చగా, కంపుకొడుతూ, నిలబడే ఉన్నారు. అతని గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. సోములమ్మ భయపడి అతని మొహం పట్టుకుని చూసింది. నవ్వు అది. ఆమె కొంగుతో అతని మొహం తుడుస్తూ వలవలా ఏడ్చింది.

అప్పుడే మంగ్లు వేటకుక్క కొండ మీంచి పరుగెత్తుకొచ్చి, నోట్లో ఉన్నదాన్ని సుక్రు కాళ్ళ దగ్గర పడేసింది. అది అడవిపంది చెవి. నెత్తురింకా ఆరలేదు.

డప్పు ఆగిపోయింది. మగవాళ్ళంతా తలోదిక్కు చూడసాగారు. మంగ్లు గడ్డానికంటిన పేడ తుడుచుకుని, "మిగతాది ఆకుల కింద దాసినాం. పొద్దున్నే పోయి తెద్దాం అల్లుడా. మోతకర్రకి నువ్వు ముందు, నాను ఎనక," అన్నాడు.