కంప్యూటర్ చెప్పిన నాడీదోషం

దొరబాబు చెప్పులు విప్పకుండానే కంప్యూటర్ గదిలోకి వచ్చేశాడు. మండపేటలో అంతవరకు ఆ గదిలోకి చెప్పులతో అడుగుపెట్టిన మగాడు లేడు. వెనకాలే కూతురు సుప్రియ తల వంచుకుని వచ్చింది.

"మాస్టారూ, మీ పెట్టె మా పిల్ల పెళ్లి చెడగొట్టిందండి," అన్నాడు.

మురళీకృష్ణ పొద్దున్న సుప్రియలాంటి పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. సాయంత్రం అదే కంప్యూటర్లో జాతకాలు వేస్తాడు. పోయిన నెల సుప్రియ వివరాలూ, కొవ్వూరు అబ్బాయి సురేష్‌బాబు వివరాలూ ఒక సాయంత్రం ఎక్కించి, మర్నాడు పిల్లల పాఠాలయ్యాక పొంతన కాగితం తీసిచ్చాడు. అందులో ఫైళ్ల పేర్లూ నక్షత్రాలే ఉంటాయి. ఇద్దరిదీ ఒకే నక్షత్రం, ఒకే పాదం, నాడీదోషం అని వచ్చింది. అబ్బాయికి చిన్నప్పుడు జాతకం రాయించలేదు కనుక మగపెళ్లివాళ్లు ఆ కాగితాన్నే నమ్మి వద్దనుకున్నారు. తీరా రాజమండ్రిలో ఇంకొకరికి చూపిస్తే అతని నక్షత్రమే వేరని తేలిందట. ఈలోగా అతనికి మరో సంబంధం ఖాయమైపోయింది.

మురళీకృష్ణకి ఒళ్లు మండింది. తన లెక్క తప్పంటే పడే మనిషి కాడు. విసురుగా ఫైళ్లు తెరిచాడు. సురేష్‌బాబు పేరున్న ఫైల్లో సుప్రియ పుట్టిన తేదీ, సమయం కనిపించాయి.

సంగతి అర్థమైంది. ప్రతి జాతకానికీ ఒక కాపీ తీసి ఉంచడం ఆయన అలవాటు. కాపీ కమాండ్‌లో ముందు ఉన్న ఫైలు పేరు, తర్వాత కొత్త పేరు కొట్టాలి. ఆ రెండో పేరుతో అప్పటికే ఒక ఫైలు ఉంటే కంప్యూటర్ని నడిపే డాస్ నోరెత్తి అడగదు, పాతదాన్ని చెరిపేసి అక్కడే రాసేస్తుంది. పేరు చూసుకుని కొట్టండర్రా అని పిల్లలకి రోజూ నెత్తీనోరూ కొట్టుకుని చెబుతాడు. అలాంటిది చెప్పినవాడే కళ్లు మూసుకుని కొట్టినట్టున్నాడు. తన మీద తనకే కంపరం పుట్టింది.

కాపీ కమాండ్ తప్పుగా కొట్టింది తానేనని ఒప్పుకున్నాడు. దాంతో దొరబాబు ఇంకా రెచ్చిపోయాడు. పిల్లకి ఈ కంప్యూటర్ చదువు మానిపించాలని మగపెళ్లివాళ్లంటే దానికీ సరేనన్నాననీ, అంతటి సంబంధం మళ్లీ గుమ్మం తొక్కదనీ, ఊళ్లో ఎవరూ ఇటు రాకుండా చేస్తాననీ అరిచాడు.

"నెల రోజులై మా పిల్ల నోరు విప్పి మాట్లాడ్డం లేదండి. దాని ఉసురు మీకు తగలదా అండి?"

దొరబాబు వీధిలోకి వెళ్లి, జాతకాల బోర్డు పట్టుకుని గుంజడం మొదలుపెట్టాడు. మేకులు కిర్రుమంటున్నాయి.

"నా పొరపాటుకి నువ్వు బలైపోయావమ్మా," అన్నాడు మురళీకృష్ణ.

సుప్రియ అప్పుడు తలెత్తింది.

"ఆ కమాండ్ నేనే కావాలని కొట్టానండి."