ఎర్ర చుక్క

"నొక్కు," అన్నాడు మేనేజరు.

"నొక్కను," అంది పైపులక్క.

ఆ భూగర్భ రైలు స్టేషన్‌లో పైపుల పని చేసే నలుగురిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆ పేరు. ఇద్దరి మధ్యా బల్ల మీద కంప్యూటర్ వెలుగుతోంది. సొరంగం మొత్తం అందులో బొమ్మగా ఉంటుంది. ప్రతి పైపూ, ప్రతి ఫ్యానూ, చివరికి ప్రతి దీపమూ. మెకానిక్కులు నెలనెలా వెళ్లి చూసొచ్చి, బొమ్మ మీద 'బాగుంది' అని నొక్కాలి. నొక్కితే పచ్చ, నొక్కకపోతే ఎరుపు. ఇవాళ అంతా పచ్చగానే ఉంది, ఒక్క చుక్క తప్ప. అది మంటలార్పే నీళ్ల వాల్వు.

"పదకొండింటికి తనిఖీవాళ్లు వస్తున్నారు. వాళ్లు చూసేది ఈ బొమ్మనే. సొరంగంలోకి దిగి బట్టలు మాపుకుంటారా?"

మేనేజరు ఈ స్టేషన్‌కి వచ్చి నెలే అయింది. తన కుర్చీ బొమ్మలో లేదని తెలిస్తే నిలబడే పనిచేసే రకం.

"ఆ వాల్వు అక్కడ లేదు సార్. బొమ్మలో గీశారు, గోడకి పెట్టలేదు. నిన్న కేబుల్ దగ్గర పొగ లేస్తే దానికి తగిలించే రబ్బరు పైపు భుజానేసుకుని పరిగెత్తాను. ఉత్త గోడ! తడుముకుంటూ నిలబడ్డాను. వెనకాల రైల్లో మూడొందల మంది. పొగ దానంతటదే ఆగింది కాబట్టి సరిపోయింది."

"సరిపోయిందిగా! వచ్చే నెల పెట్టిద్దాం. ఇవాళ్టికి నొక్కెయ్."

"పెట్టించాకే నొక్కుతాను."

"ఉద్యోగం తీసేస్తాను."

"తీసెయ్యండి. గోడలోంచి నీళ్లొస్తాయా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ ఎలక్ట్రీషియన్ ఇక ఉండబట్టలేకపోయాడు. "అక్కా, కాస్త ఆలోచించు. ఇది ఎర్రగా ఉందంటే పాత రికార్డులన్నీ తవ్వుతారు. లేని వాల్వుని బాగుందన్నది మీ నలుగురిలోనే ఎవరో ఒకరు. పిల్లలున్నవాళ్లు. ఉద్యోగం ఊడుతుంది."

"ఊడాల్సిందే."

"నీది గుండేనా, బండరాయా?"

"చూడకుండా నొక్కింది ఎవరైనా సరే, ఊడాల్సిందే!"

ఎలక్ట్రీషియన్ మొహం తిప్పుకున్నాడు. పైపులక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. కానీ ఈ మేనేజరు ముందు ఏడవడమా అని పళ్ల బిగువున ఆపుకుంది. నిన్నటి గోడ చల్లదనం ఇంకా అరచేతుల్లోనే ఉంది.

మేనేజరుకి సందు దొరికింది. "నీ మొండితనంతో ఎవరి కొంప ముంచుతున్నావో కళ్లారా చూడు," అంటూ ఎర్ర చుక్క పాత రికార్డు తెరిచాడు. దాని చరిత్రంతా తెర మీద పరుచుకుంది. ఆరేళ్లు. ప్రతి నెలా 'బాగుంది'. పక్కనే నొక్కినవాళ్ల ఉద్యోగి నంబరు. పై నుంచి కింది దాకా ఒకటే నంబరు.

"అన్నీ ఒక్కడే! ఎవడీ మహానుభావుడు? ముందు వాడి పని పడతాను, ఆ తర్వాత నీ పని."

"రెండు పనులెందుకు సార్," అంటూ పైపులక్క మెడలోని గుర్తింపు కార్డు తీసి, తెర మీది ఆ నంబరు పక్కన పెట్టింది.