పదకొండో షాటులో ముసలాయన

“ఇంకోసారి వెయ్యమ్మా,” అన్నాడు ఎవరిస్తో. అప్పటికి పదకొండో షాటు నాలుగుసార్లు చూశారు.

మిర్తా నిట్టూర్చి మీట నొక్కింది. మోంతెవిదేయోలో ఏటా జరిగే ఆ పొట్టి సినిమాల పోటీ నడిపేది ఆవిడే. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు కూడా. రెండో ఆయన ఫగుందెస్, కాలేజీలో కంప్యూటర్ బొమ్మలు నేర్పే మేష్టారు. మూడో మనిషి ఎవరిస్తో. ముప్పయ్యేళ్లపాటు నాటకాలకీ ప్రకటనలకీ అరచేతిలో పట్టే ఇళ్లూ ఓడలూ చేసిపెట్టిన చేతులు ఆయనవి. పోటీ నియమం తేలికే. సినిమాలో ఏది కెమెరాతో తీసిందో, ఏది కంప్యూటర్‌లో పుట్టిందో ఈ ముగ్గురూ తేల్చాలి. తీసినవాళ్లు అసలు సంగతి రాసి కవర్లో పెట్టి తెస్తారు. ఎవరి కంప్యూటర్ బొమ్మలు వీళ్లని ఎక్కువ బోల్తా కొట్టిస్తే బహుమతి వాళ్లది.

కిందటేడు ఎవరిస్తో ఒక పిల్లిని చూసి, అది కంప్యూటర్ పిల్లేనని, మీసాలే సాక్ష్యమని అడ్డంగా వాదించాడు. ఆ పిల్లి బహుమతుల సభకి బుట్టలో కూర్చుని వచ్చింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈ ఏడు ఆయనకి పిలుపు పది రోజులు ఆలస్యంగా వచ్చింది, అదీ బోలెడు మొహమాటంతో. ఇంకొక్క పొరపాటు జరిగితే వచ్చే ఏడు ఆ పిలుపు కూడా ఉండదని ఆయనకి తెలుసు. భార్య నేలిదా పోయాక ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఆయన నోరు విప్పితే నలుగురు వినేది ఏడాది మొత్తం మీద ఈ నాలుగు రోజులే. ఈ కుర్చీ కూడా పోతే తన గతేమిటో తలుచుకోవాలంటేనే ఆయనకి భయం.

తెర మీద ఊరి తీరం వెంట సాగే రాంబ్లా గట్టు, సాయంకాలపు ఎండ. నీళ్ల మీద పక్షులు, గట్టు వెంట పరుగెత్తే జనం. బెంచీ మీద ఇటు వీపు పెట్టి ఒక ముసలాయన. బూడిదరంగు కోటు, టోపీ, పక్కన ఫ్లాస్కు, ఆ ఊళ్లో సగంమంది ముసలాళ్ల వాలకం అదే. ఆయన టీ ఆకులాంటి మాతె ఆకు వేసిన చిన్న సొరబుర్రలో వేణ్ణీళ్లు పోసుకుని గొట్టంతో పీల్చి తాగాడు. మళ్లీ నింపాడు. ఈసారి బుర్ర పట్టుకున్న చేతిని కుడిపక్కకి చాచాడు. అక్కడ ఎవరూ లేరు. చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా వెనక్కి వచ్చింది.

ఫగుందెస్ ఆ నీళ్లని నమ్మలేనన్నాడు. మిర్తాకి ఆకాశం మీద అనుమానం. ముసలాయన మాత్రం నిజమైన మనిషేనని ఇద్దరూ ఒక్కమాట మీద ఉన్నారు.

“ఆ మనిషే ఉత్తుత్తి. మిగతాదంతా కెమెరా,” అన్నాడు ఎవరిస్తో.

“అదెలా చెబుతున్నారు, ఎవరిస్తోగారూ?” అని మిర్తా అడిగింది.

“ఒక్కడే కూర్చున్నవాడు తనే నింపుకుని తనే తాగుతాడమ్మా. పక్కన మనిషుంటేనే కదా రెండోసారి నింపి అందించేది? ఇద్దరు తాగుతున్న వీడియోలు చూపించి కంప్యూటర్‌కి నేర్పుంటారు. అది చెయ్యి చాచడం నేర్చుకుంది, రెండో మనిషిని పెట్టడం మర్చిపోయింది.”

“పిల్లి మీసాల గురించి కూడా ఇంత గట్టిగానే చెప్పారు మరి,” అన్నాడు ఫగుందెస్.

ఎవరిస్తోకి మనసు చివుక్కుమంది. “నేలిదా ఉన్నప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఆ గట్టు మీదే కూర్చుంటున్నానయ్యా. అలాంటి మనిషిని ఒక్కనాడు చూళ్లేదు. ఇది తప్పయితే వచ్చే ఏడు నన్ను పిలవకండి.”

అంతమాట ఎందుకని మిర్తా వారించబోయింది. ఆయన అప్పటికే కాగితం మీద రాసి సంతకం పెట్టేశాడు.

సినిమా తీసిన యమీలాని లోపలికి పిలిచారు. ఆ పిల్ల గుమ్మంలోనే ఆగిపోయి ఎవరిస్తో వంక అదేపనిగా చూసింది. పిల్లి కథ ఈమెదాకా పాకిందన్నమాట అనుకుని ఆయన తల తిప్పుకున్నాడు.

మిర్తా కవరు చించి చదివింది. నీళ్లు, ఆకాశం, పక్షులు, పరుగెత్తే జనం, ఆఖరికి బెంచీ కూడా కంప్యూటర్‌లో చేసినవే. కెమెరాతో తీసింది ముసలాయన ఒక్కడినే.

ఎవరిస్తో రాసినదాంట్లో ఒక్క ముక్క సరిపోలేదు. ఫగుందెస్ కూడా నవ్వలేదు. ఎవరిస్తో లేచి వెళ్లిపోదామనుకున్నాడు. సగం లేచి, తెర వంక చూసి మళ్లీ కూర్చున్నాడు. చిత్రంగా, పోయిన కుర్చీ కన్నా ఆ చెయ్యే ఆయన్ని ఎక్కువగా పట్టి పీడిస్తోంది.

అది నటన కాదా, నిజంగా అలాంటి మనిషి ఉన్నాడా అని యమీలాని అడిగాడు. ఉన్నాడంది. రెండు నెలలు రోజూ సాయంత్రం దూరం నుంచి చూస్తూ తీశానంది. ఏ ఒక్కరోజూ ఆయన చెయ్యి చాచకుండా ఉండలేదట. వెళ్లి పలకరించి, సినిమాలో పెట్టుకోనా అని అడుగుదామంటే ధైర్యం చాలలేదట.

ఎవరిస్తో ఆ పిల్ల వైపు వంగాడు. “ఆయన ఎక్కడ కూర్చుంటాడో చెప్పమ్మా. రేపే వెళ్లి పక్కన కూర్చుంటాను. ఆ బుర్రని ఒక్కసారైనా ఎవరో ఒకరు అందుకోవాలి కదా.”

యమీలా వచ్చి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

“ఆయన మీరేనండీ.”