మధ్యలో మాట్లాడే మనిషి

"ఒకసారి చెరిపితే మళ్ళీ రాదు సార్. తర్వాత నన్ననొద్దు" అన్నాడు మెకానిక్.

"రాకూడదనేగా నీ దగ్గరికి తెచ్చింది!" అన్నాడు కలెక్టరు.

ఆయన నిజం కలెక్టరేమీ కాదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. బొమ్మల కథల పుస్తకాల్లోంచి తీసిన సినిమాలూ, టీవీ సీరియళ్ళూ క్యాసెట్టుగా దొరికినా, డిస్కుగా దొరికినా వదలకుండా కొని దాస్తాడు కాబట్టి వీధిలో వాళ్ళు పెట్టిన పేరది. ఆ ఇంట్లో ముందుగదికి గోడలున్నాయన్న సంగతి ఎవరూ నమ్మరు. "చుట్టాలొస్తే డిస్కుల మీదే కూర్చోబెట్టాలి" అంటుంది ఆయన భార్య.

ఎన్ని ఉన్నా, 'ఇనుపరెక్క' సీరియల్ చివరి భాగం మాత్రం ఆయనకు కంట్లో నలుసైంది. అది డిస్కుగా ఎప్పుడూ రాలేదు. టీవీలో వస్తుండగా ఎవరైనా ఇంట్లో రికార్డు చేసుకున్నదే దిక్కు. ఆయన దగ్గరున్న కాపీలో మాట శుభ్రంగానే వినిపించేది గానీ, బొమ్మ మీద ఎడతెగని వాన. ఇన్నాళ్ళకు పాతసామాన్ల దుకాణంలో ఇంకో క్యాసెట్టు దొరికింది. బొమ్మ అద్దంలా ఉంది. సంతోషంతో ఊపిరి బిగబట్టి చూస్తుండగా, మొదటి సీనులోనే ఎవరో మగమనిషి గొంతు అడ్డం వచ్చింది.

"ఇదిగో, వాడు మేడ అంచుకొచ్చాడు. గాలికి రెక్కలు వణుకుతున్నాయి. కింద జనం చీమల్లా ఉన్నారు. దూకుతాడా... దూకేశాడు!"

చివరిదాకా అదే వరస. మధ్యమధ్య దగ్గొకటి.

"నోటికి తాళం వేసుకోలేని మనిషి! మైకు పెట్టుకుని మరీ వాగాడు" అని కలెక్టరు పళ్ళు నూరాడు.

"బాగానే చెబుతున్నాడు కదండీ. వంటింట్లో ఉన్నా నాకు కథంతా తెలిసిపోయింది. ఉండనివ్వండి పాపం" అంది భార్య.

"అచ్చుతప్పుని ఉండనిస్తే ఇక నేనెందుకు?"

అలా ఆ రెండు క్యాసెట్లూ మెకానిక్ బల్ల మీదికి చేరాయి. వాన కురిసే కాపీలోని మాటని, అద్దంలాంటి కాపీ మీదికి ఎక్కించాలి. ఎక్కిస్తే అడుగునున్న గొంతు తుడుచుకుపోతుంది. మెకానిక్ ఇంకోసారి ఆయన మొహంలోకి చూసి, మీట నొక్కాడు.

ఆ వారంలోనే, ముసురు పట్టిన ఒక సాయంత్రం, తడిసిన గొడుగుతో ఒకావిడ గుమ్మంలో నిలబడింది.

"పాతసామాన్ల దుకాణం ఆయన మీ ఇల్లు చెప్పారు. మీరు కొన్న క్యాసెట్టు మాదండీ. ఇల్లు మారే హడావుడిలో మా మరిది పెట్టెడు క్యాసెట్లు తుక్కనుకుని ఇచ్చేశాడు. నేను పనికెళ్ళిన సమయంలో. మిగతావన్నీ చితక్కొట్టేశారట. ఇదొక్కటే మిగిలింది."

'ఇప్పుడు తెలిసొచ్చిందన్నమాట దీని విలువ' అనుకున్నాడు కలెక్టరు. "ఏళ్ళ తరబడి వెతుక్కున్నానమ్మా దీనికోసం. ఎలా ఇవ్వమంటావు?"

"మా అమ్మాయీ, వాళ్ళ నాన్నా కూర్చుని పెట్టుకునేవాళ్ళు సార్. ఆయన పోయారు. ఇవీ పోయాయని తెలిసిన దగ్గర్నుంచీ పిల్ల ముద్ద ముట్టడం లేదు. ఎవరి కాళ్ళు పట్టుకునైనా తెమ్మంది."

కలెక్టరు గతుక్కుమన్నాడు. ఆ దగ్గు, ఆ గొంతు ఎవరివో అర్థమైంది. పోయిన మనిషినా తాను తిట్టిపోసింది!

"ఇచ్చేయండి" అంది లోపల్నుంచి భార్య.

ఆయన అలమర ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఆ క్యాసెట్టు తీశాడు. కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నవాడిలా దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"చూడ్డానికి మిషనుందా మీకు?"

"అదీ అమ్మేశాడు సార్."

"అయితే పద. నా దగ్గర ఇంకోటుంది. నేనే వచ్చి పెట్టిస్తాను."

దారిలో ఆయన క్యాసెట్టు బాగుచేయించిన సంగతి చెప్పలేదు. ఆ పిల్ల బెంగంతా తండ్రితో కలిసి చూసిన సీరియల్ కోసమే అనుకున్నాడు. చూశాక ఆ తల్లీకూతుళ్ళే ఆశ్చర్యపోతారని మనసులో మురిసిపోయాడు. ఇచ్చేస్తున్నానన్న దిగులు దానితో కొంచెం తగ్గింది.

వాళ్ళవి రెండు గదులు. విప్పని మూటలు, తడి సున్నం వాసన. టీవీ ఎదురుగా చాప మీద పద్దెనిమిదేళ్ళ పిల్ల మోకాళ్ళు ముడుచుకుని కూర్చునుంది. తలుపు చప్పుడుకే, "దొరికిందా అమ్మా?" అంది.

"దొరికిందే. సార్ ఇచ్చేశారు."

ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది. చిక్కిపోయిన ఆ మొహంలో వెలుగు చూసి, ఈ పుణ్యం ముందు క్యాసెట్టు ఒక లెక్కా అనిపించింది కలెక్టరుకి. వంగి తీగలు తగిలించాడు. మిషను తిరిగింది. సంగీతం మొదలైంది. రెక్కల చప్పుడు, జనం కేకలు గదంతా నిండాయి.

ఆ పిల్ల పెదవుల మీద నవ్వు అలాగే ఉండి ఉండి, మెల్లగా ఆరిపోయింది.

"అమ్మా, నాన్నేడీ?"

తల్లి కలెక్టరు వైపు చూసింది.

"ఆ గొంతు నేనే తీయించేశాను. ఇప్పుడెంత శుభ్రంగా ఉందో చూశారా!"

"తీయించేశారా? మళ్ళీ... మళ్ళీ రాదా సార్?" అంది పిల్ల.

"చచ్చినా రాదు" అన్నాడాయన నమ్మకంగా.

ఆ పిల్ల తల మోకాళ్ళ మధ్యకి వాలిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కలెక్టరు పక్కనే గొంతుక్కూర్చుని, చిన్నపిల్లని బుజ్జగిస్తున్నట్టుగా అన్నాడు.

"ఎందుకమ్మా ఏడుపు? నాన్న చెప్పినవన్నీ ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయిగా!"

తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దానికి చూపు లేదు సార్."