గోప్యా బండకు తొవ్వ

“జరుగవ్వా, ఎడ్లు తొక్కుతయ్!” రైతు చంద్రయ్య పగ్గాలు బిగబట్టి అరిచాడు.

మిర్యాలగూడ బాటకు అడ్డంగా నిలబడిన లంబాడి ముసలామె పుష్పాబాయి కదల్లేదు. “పటేలా, గోప్యా బండకు తొవ్వ ఎటు?”

“గసొంటి బండ ఈ దిక్కుల లేదు. మైసమ్మ బండ ఉన్నది, దర్గా గుట్ట ఉన్నది. గోప్యా బండ యాడిది?”

“ఉన్నది. జర నలుగుర్ని అడుగుదాం పటేలా, నీ కాళ్లు మొక్కుత.”

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం. తుపాకుల భయానికి బాట మీద మనిషిని మనిషి పలకరించని రోజులు. అయినా పొద్దున్నే మట్టపల్లి నరసింహస్వామికి దండం పెట్టి బండి కట్టినవాడు, దారి తప్పిన ముసలిదాన్ని ఎండలో ఎట్లా వదిలిపోతాడు? “ఎక్కు,” అన్నాడు.

మొదటి ఊళ్లో బావి దగ్గర జానయ్య మోట తోలుతున్నాడు. చంద్రయ్య అడిగేసరికి పకపకా నవ్వాడు. “గోప్యా బండనా? మీ అత్తగారి ఊర్ల ఉన్నదేమో సూడు బావా!”

నీళ్లకు వచ్చిన ఆడవాళ్లూ నవ్వారు. “ఏం బండ?” అంది ఒకామె.

“గోప్యా బండ,” అని పుష్పాబాయి మెల్లగా మళ్లీ చెప్పింది.

తర్వాతి ఊళ్లో ఎదురైన పౌలు మాత్రం నవ్వలేదు. “నాకైతే ఎరుక లేదవ్వా. నేను గూడ నలుగుర్ని అడుగుత,” అన్నాడు. ఆ మాటకే ఆమె రెండు చేతులెత్తి మొక్కింది.

ఎండ ముదిరింది. ఎడ్ల నోట నురగ. స్వామి ఈ పని తనకే ఎందుకు తగిలించాడో చంద్రయ్యకు అంతుపట్టలేదు. “ఇగ నాతోని కాదవ్వా. ఎక్కించుకున్న కాడ్నే దించుత,” అని బండి వెనక్కి మళ్లించాడు.

దిగి ఆమె బాట పక్కనున్న నల్లబండ దగ్గరికి నడిచింది. “గిదే గోప్యా బండ.”

“గిదా? దీన్ని బర్రెల బండ అంటరు గదా! నీకు ముందే ఎరికేనా?”

“ఎరికే. అగో, నా గుడిసె గాడ.”

“మరి ఊరూరు ఎందుకు తిప్పినవ్? నన్ను ఆగం చేస్తివి గదనే!”

ఆమె బండ మీద చెయ్యి పెట్టింది.

“నా కొడుకును తుపాకులోళ్లు గీడ్నే కాల్చి సంపిన్రు. గోప్యా సచ్చిండని ఎవరికన్న చెప్పినా, ఏడ్చినా తండా అంత తగలవెడ్తమన్నరు. తొవ్వ అడగొద్దని అనలే పటేలా.”